అశ్రద్ధ ఆడవాళ్ళది కాదు, తప్పంతా ఆ బల్లది!

"ఆడవాళ్ళకి వాళ్ళ ఒంటి మీద శ్రద్ధ ఉండదు." ఈ మాట ఇంకోసారి ఎవరి నోట విన్నా నేను ఊరుకోను. క్యాన్సర్ పరీక్షకి రమ్మంటే రారు, చెప్తే వినరు, ముదిరాక వస్తారు... ఎన్నేళ్ళనుంచి వింటున్నాం ఇదే పాట! నేను చెప్తున్నా వినండి. ఆడవాళ్ళని ఆపుతున్నది అశ్రద్ధ కాదు. ఆ బల్ల. పడుకుని కాళ్ళు ఎడం చెయ్యమనే ఆ బల్ల. దాన్ని మధ్యలోంచి తీసెయ్యండి, ఎంతమంది ముందుకొస్తారో చూడండి.

పోయిన వీడియోలో నేనన్నది ఒక్కటే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, అదే సర్వైకల్ క్యాన్సర్, దాని పరీక్షకి కావాల్సిన నమూనా ఎవరికి వాళ్ళే తీసుకోవచ్చు, నమూనా తీసే పుల్ల ఆడమనిషి చేతికే ఇచ్చెయ్యండి అన్నాను. దాని మీద ఎంత రభస అయిందో మీరు చూశారు. "డాక్టర్ దగ్గరికి వెళ్ళొద్దంటున్నావా" అన్నారు. "సరిగ్గా తీసుకోవడం వీళ్ళకి చేతనవుతుందా" అన్నారు. ఒకాయనైతే "ప్రాణం ముఖ్యమా, సిగ్గు ముఖ్యమా" అని నిలదీశాడు. ఆయన కోసమే ఇవాళ్టి వీడియో.

నా సంగతి చెప్తాను. 33 ఏళ్ళప్పుడు మొదటిసారి పాప్ స్మియర్‌కి, అంటే ముఖద్వారం మీది కణాలు గీకి తీసి చూసే పరీక్షకి వెళ్ళాను. ఎక్కడన్నది వదిలెయ్యండి. పడుకోమన్నారు, పడుకున్నాను. స్పెక్యులమ్ ఎప్పుడూ చూడనివాళ్ళకి చెప్తాను, అది కొంగ ముక్కులా ఉంటుంది. రెండు రేకులు. లోపల పెట్టి మర తిప్పితే ఆ రేకులు విచ్చుకుంటాయి. నాకు పెట్టింది స్టీలుది, మంచులా చల్లగా ఉంది. అది లోపల ఉండగానే ఎవరో తలుపు తోసుకుని వచ్చి, ఫలానా ఫైలు ఎక్కడ పెట్టారని అడిగారు. కర్టెన్ సగమే వేసి ఉంది. నేను పైకి చూస్తూ ఫ్యాన్ రెక్కకి పట్టిన మసి మీద కళ్ళు పెట్టుకుని పడుకున్నాను. నొప్పికి బిగుసుకుపోతే, "ఇలా బిగించుకుంటే నేనేం చెయ్యను, వదులుగా ఉండమ్మా" అని కసిరారు. రిపోర్టు బాగానే వచ్చింది. మూడేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. నేను ఏడేళ్ళు వెళ్ళలేదు. నాకు శ్రద్ధ లేకనా? ఆ ఏడేళ్ళలో బీపీ చూపించుకున్నాను, పన్ను పీకించుకున్నాను, కళ్ళజోడు రెండుసార్లు మార్చాను. ఆ గది వైపు మాత్రం కాళ్ళు రాలేదు. దీన్ని సిగ్గు అంటారా? అవమానం అంటారు దీన్ని. రెండిటికీ తేడా తెలియనివాళ్ళే ఆ ప్రశ్న అడుగుతారు.

ఇప్పుడీ పుల్ల చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. చెవిలో పెట్టుకునే దూది పుల్ల ఉంటుంది కదా, దానికి అక్క లాంటిది. కాస్త పొడుగు, కొస మెత్తగా ఉంటుంది. కొన్ని కిట్లలో దీని బదులు చిన్న బ్రష్ ఉంటుంది. కొసని ముట్టుకోకుండా యోనిలోకి కొన్ని సెంటీమీటర్లు, కిట్‌లో చెప్పినంత వరకే పెట్టాలి. కొన్ని సెకన్లు మెల్లగా తిప్పాలి. తీసి ఈ గొట్టంలో పెట్టి మూత బిగించాలి. అంతే పని. గర్భాశయ ముఖద్వారం దాకా వెళ్ళక్కర్లేదు. నిలబడి తీసుకుంటారో, కూర్చుని తీసుకుంటారో మీ ఇష్టం. తలుపు గడియ మీరే వేసుకుంటారు. ఆ గడియ దగ్గరే ఉందండీ మొత్తం విషయం!

"మరి ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదు?" మంచి ప్రశ్న. పాప్ స్మియర్ కణాల్ని చూస్తుంది. మారిపోయిన కణాలు ఉండేది గర్భాశయ ముఖద్వారం మీద. అక్కడ్నించి గీకి తియ్యాలి, అది కంటికి కనపడాలి, అందుకే స్పెక్యులమ్. ఈ పుల్లతో చేసేది హెచ్‌పీవీ పరీక్ష. అది వెతికేది కణాల్ని కాదు, హ్యూమన్ పాపిలోమా అనే వైరస్‌ని. ఈ క్యాన్సర్ దాదాపు ప్రతిసారీ ఆ వైరస్ వల్లే వస్తుంది. అందులోనూ 16, 18 అనే రెండు రకాలవల్లే 70 శాతం దాకా. ఈ క్యాన్సర్‌కి ఆ వైరస్ కారణమని కనిపెట్టినందుకే జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. ఆ వైరస్ ఆనవాలు యోనిలోంచి తీసిన నమూనాలోనూ దొరుకుతుంది. వైరస్ జన్యుపదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి చూసే పీసీఆర్ పద్ధతిలో పరీక్షిస్తే, మనం తీసుకున్న నమూనా, డాక్టర్ తీసిన నమూనా దాదాపు ఒకే రకంగా జబ్బుని పట్టిస్తున్నాయి. "చేతనవుతుందా" అన్నవాళ్ళకి ఇదీ సమాధానం. చేతనయింది.

ఇదేదో నేను కల్పించి చెప్తున్నది కాదు. ఆస్ట్రేలియా 2017 డిసెంబరులో రెండేళ్ళకోసారి చేసే పాప్ స్మియర్ మానేసి, అయిదేళ్ళకోసారి హెచ్‌పీవీ పరీక్షకి మారింది. 2022 జూలై నుంచి నమూనా మీరే తీసుకుంటారా, మమ్మల్ని తియ్యమంటారా అని ప్రతి మనిషినీ అడుగుతోంది. న్యూజిలాండ్ 2023లో అదే దారి పట్టింది. అమెరికాలో ఇంట్లోనే నమూనా తీసుకునే పరికరానికి 2025 మేలో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్ళనుంచి, అయిదు నుంచి పదేళ్ళకోసారి ఈ పరీక్ష చాలంటోంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి 25 నుంచే, ఇంకాస్త తరచుగా.

పదేళ్ళకోసారంటే నమ్మకం కుదరట్లేదా? మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళు 1,31,746 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. 2009లో అచ్చయింది. అక్కడ నమూనా తీసింది ఆరోగ్య కార్యకర్తలే, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. జీవితంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష జరిగిన గుంపులో, ఏ పరీక్షా లేని గుంపుతో పోలిస్తే ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి పడిపోయాయి. ఒక్క పరీక్షకి! పాప్ స్మియర్ చేసిన గుంపులో అంత చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

ఇక్కడ ఒకావిడ గురించి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. పాప్ స్మియర్‌లో ఆ 'పాప్' జార్జ్ పాపనికొలావ్ పేరు. గ్రీసు నుంచి అమెరికా వెళ్ళిన డాక్టర్. మరి ఆయన ఏళ్ళ తరబడి ఎవరి నమూనాలు చూసి నేర్చుకున్నాడో తెలుసా? భార్య ఆండ్రొమాకీవి. 20 ఏళ్ళకి పైగా ఆవిడ నమూనాలు ఇస్తూనే ఉంది. పరీక్షకి ఆవిడ పేరు లేదు. కణాలు చూసి క్యాన్సర్‌ని పట్టొచ్చని 1928లో పాపనికొలావ్ బయటపెడితే పెద్దలు పెదవి విరిచారు. ముక్క కోసి చూడటం ఉండగా ఈ కణాల గోల ఎందుకన్నారు. 1941 దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నా నమ్మకం ఏంటంటే, ఆడవాళ్ళకి పని తేలికయ్యే ఏ పరీక్షయినా మొదట "అవసరం లేదు" అనే అనిపించుకుంటుంది. అప్పుడూ అంతే, ఇప్పుడు ఈ పుల్లకీ అంతే.

"డాక్టర్ దగ్గరికి వెళ్ళొద్దంటున్నావా" అన్నారే, వాళ్ళూ వినండి. వైరస్ ఉందని వస్తే వెళ్ళాల్సిందే. 16, 18 రకాలయితే కాల్పోస్కోపీ చేస్తారు, అంటే భూతద్దం లాంటి పరికరంతో ముఖద్వారాన్ని దగ్గర్నుంచి చూస్తారు. మిగతా రకాలకి కొన్నిచోట్ల ముందు కణాల పరీక్ష చేస్తారు. అప్పుడు ఆ బల్ల ఎక్కక తప్పదు. కానీ అవసరమున్న కొద్దిమంది ఎక్కడం వేరు, అందర్నీ ఎక్కమని చెప్పి, సగం మంది రాకపోతే వాళ్ళనే తిట్టడం వేరు. ఇంకోటి. సంభోగం తర్వాత రక్తం కనపడినా, ముట్లు ఆగిపోయాక రక్తం కనపడినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఈ పుల్ల మీకు కాదు. అది స్క్రీనింగ్, అంటే లక్షణాలేవీ లేనివాళ్ళకి చేసే పరీక్ష, దాటిన సంగతి. నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

పాజిటివ్ అన్న మాటకి ఇళ్ళు కూలిపోతున్నాయి, అదీ నాకు తెలుసు. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. ఈ వైరస్ సంభోగం ద్వారా వస్తుంది, సంభోగంలో పాల్గొన్నవాళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు దాదాపు అందరికీ సోకుతుంది, ఎక్కువమందిలో ఏడాది రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోతే క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15, 20 ఏళ్ళు పడుతుంది. ఆ లోపల పట్టుకుంటే ముఖద్వారం మీద ఆ భాగాన్ని వేడితో కాల్చెయ్యొచ్చు, చాలాసార్లు ఒక్క పూటలో అయిపోతుంది. ఇంకో మాట, మొగుళ్ళూ పెళ్ళాలూ ఇద్దరూ వినండి. ఎన్నో ఏళ్ళ కింద సోకింది కూడా నిద్రపోయి ఇప్పుడు బయటపడొచ్చు. ఆ రిపోర్టు పట్టుకుని "ఎవడు వాడు" అని అడిగే హక్కు ఎవరికీ లేదు. "ఎవతె అది" అనీ అడగలేరు.

2022లో ఈ క్యాన్సర్‌తో ప్రపంచంలో సుమారు 3,50,000 మంది పోయారు. 90 సెకన్లకి ఒకరు. ఈ వీడియో తొమ్మిది నిమిషాలు, లెక్క మీరే వేసుకోండి.

మా పిన్నికి 58 ఏళ్ళు. ఇద్దరు పిల్లల్ని కంది, ఈ పరీక్ష మాత్రం జన్మలో ఎప్పుడూ చేయించుకోలేదు. "ఆ బల్ల ఎక్కమంటే చచ్చినా ఎక్కను" అని పదేళ్ళుగా నాతో పోట్లాట. పోయిన వారం కిట్ ఆవిడ చేతిలో పెట్టి, ఎలాగో చెప్పి, నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. బాత్రూం తలుపు గడియ పడ్డ చప్పుడు విన్నాను. అయిదు నిమిషాల్లో గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టి, "మూత గట్టిగానే బిగించానా చూడు" అంది. చూశాను, గట్టిగానే ఉంది. ఫలితం ఇంకా రాలేదు. వచ్చాక మీకు చెప్తాను, ఆవిడ చెప్పమంటేనే.