యాంటెన్నా దగ్గర చెయ్యి

పెద్దలకి, పిల్లలకి నమస్కారం. పాలకొల్లులో పాతికేళ్లుగా రేడియోలు, టీవీలు బాగుచేస్తున్నవాణ్ణి. మైకులు రిపేరు చేశాను గానీ మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు. గ్రంథాలయం వాళ్లు పిలిచారని వచ్చాను.

మీలో నడివయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆదివారం సినిమా టైముకి ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా గొట్టం తిప్పేవారు. కింద నుంచి "వచ్చింది, వచ్చింది, ఇక దిగు!" అని కేకలు. గొట్టం వదలగానే బొమ్మ పోయేది. మళ్లీ పట్టుకుంటే వచ్చేది. మా ఇంట్లో ఆ డ్యూటీ నాది. సగం సినిమాలు కొబ్బరాకుల మధ్య నిలబడి మాటలు మాత్రమే విన్నాను. మన ఒళ్లు కూడా సర్క్యూట్‌లో కలిసిపోతుందని అప్పుడేం తెలుసు? మెకానిక్‌నయ్యాక తెలిసింది గానీ, దాన్ని పీడగానే చూశాను. ట్రాన్సిస్టర్ వెనక మూత తీసి చెయ్యి దగ్గరగా పెడితే ఒక్కోసారి కుయ్‌మంటుంది. ఆ కూత పోగొట్టినందుకే నాకు డబ్బులు.

ఆ కూతని పోగొట్టకుండా దాచుకున్నాడు ఒకాయన. పేరు లెవ్ తెర్మెన్. బయటి దేశాల వాళ్లు లియోన్ థెరెమిన్ అన్నారు. 1896లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. చదివింది భౌతికశాస్త్రం, వాయించేది చెల్లో, అంటే వయోలిన్‌కి పెద్దన్న. 1920లో వాయువుల గుణాలు కొలిచే పరికరం ఒకటి తయారుచేస్తుంటే, చెయ్యి దగ్గరికి తెచ్చినప్పుడల్లా అందులో శ్రుతి పెరుగుతోంది, వెనక్కి తీస్తే దిగుతోంది. నేనైతే విసుక్కుని చుట్టూ రేకు డబ్బా బిగించేవాణ్ణి. ఆయన తనకొచ్చిన పాటలు గాల్లో వాయించడం మొదలెట్టాడు. అలా పుట్టిన వాయిద్యానికి ఆయన పేరే నిలిచింది, థెరెమిన్.

లోపల పెద్ద మాయేమీ లేదు. రెండు ఆసిలేటర్లు, అంటే కరెంటుని అటూ ఇటూ ఊపే సర్క్యూట్లు, రెండూ మన చెవికి అందనంత వేగంగా ఊగుతాయి. మొదటిది సెకనుకి 1,70,000 సార్లు అనుకోండి, అది మారదు. రెండోదాని యాంటెన్నా దగ్గరికి చెయ్యి వెళ్లేసరికి దాని వేగం 1,69,560కి తగ్గిందనుకోండి. తేడా 440. మనకి వినిపించేది ఆ తేడాయే. నిలువు కడ్డీ దగ్గర ఆడే చెయ్యి శ్రుతికి, పక్కనున్న కమ్మీ చుట్ట మీద ఆడే చెయ్యి సౌండు పెంచడానికి, తగ్గించడానికి. మెట్లు లేవు, తీగలు లేవు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ పోవాల్సిందే. మన కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి గమకాలు విన్న చెవులకి అదేం కొత్త కాదు. వాయించేవాడికే నరకం. పక్కన ఎవరైనా నడిచినా అపశ్రుతే.

1922లో లెనిన్‌కి చూపిస్తే ఆయనా చెయ్యి ఆడించి చూశాడట. తర్వాత యూరప్, అమెరికా. 1928లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆర్‌సీఏ అనే అమెరికా రేడియో కంపెనీ ఓ 500 దాకా చేసి అమ్మకానికి పెట్టింది, సరిగ్గా 1929లో షేర్ మార్కెట్ కూలింది. కొన్నవాళ్లలో చాలామందికి వాయించడం పట్టుబడలేదు. పట్టుబడింది క్లారా రాక్‌మోర్‌కి. చేతి నొప్పితో వయోలిన్ మానేయాల్సి వచ్చిన విద్వాంసురాలు ఆవిడ.

1938లో తెర్మెన్ రష్యా తిరిగి వెళ్లాడు. మరుసటేడే అరెస్టు. ఖైదీల చేత తవ్వించే కొలిమా గనులు, ఆ తర్వాత ఖైదీ శాస్త్రవేత్తల ల్యాబు. 1945లో సోవియట్ పిల్లలు అమెరికా రాయబారికి చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్ర ఒకటి బహుమతిగా ఇచ్చారు. అందులో ఈయన చేసిన దొంగ మైకు ఉంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. బయటి నుంచి రేడియో తరంగం తగిలితేనే పనిచేస్తుంది. 1952 దాకా ఎవరూ కనిపెట్టలేకపోయారు. మెకానిక్‌గా దానికి దండం పెడతాను. పాటలు పలికించిన చేతితోనే అదీ చేయించారే అనుకుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

1991లో, 95వ ఏట మళ్లీ అమెరికా వెళ్లి క్లారాని కలిశాడు. 1993లో పోయాడు. కుర్రతనంలో థెరెమిన్లు కట్టిన రాబర్ట్ మూగ్ 1964లో కరెంటుతో స్వరాలు పుట్టించే సింథసైజర్ చేశాడు. మన పెళ్లిళ్లలో మోగే కీబోర్డుకి చుట్టరికం అక్కడిదే.

సరే, బల్ల మీద మూడు పాత ట్రాన్సిస్టర్లు పెట్టాను. రెండు కూతపెట్టడానికి, మూడోది వినిపించడానికి. ముందు వరసవాళ్లు కాస్త వెనక్కి జరగండి, మీ ఒళ్లు కూడా లెక్కలోకొస్తుంది. పాపా, నువ్వు రామ్మా. ముట్టుకోకు. మెల్లగా చెయ్యి దగ్గరికి తీసుకురా... ఇంకొంచెం...