నేమియా లోయలో ఒక పగలు

శ్రోతలకు నమస్కారం.

గ్రీసు వెళ్లినవాళ్లు ఏథెన్స్‌లో అక్రోపొలిస్ చూస్తారు, ఓడెక్కి దీవులకు పోతారు. మధ్యలో ఒక రోజు ఖాళీ దొరికితే ఎటు వెళ్లమంటారని అడిగితే, నేను చెప్పే పేరు నేమియా. ఏథెన్స్ నుంచి కారులో రెండు గంటల లోపే. కోరింత్ కాలువ దాటి కాస్త ముందుకు వెళ్తే కొండల నడుమ ఒక లోయ వస్తుంది. లోయ నిండా ద్రాక్షతోటలు. ఆ తోటల పక్కనే జియస్ దేవుడి గుడి. పాత రాళ్లూ, కొత్త వైనూ ఒకే లోయలో!

గ్రీకు పురాణ వీరుడు హెరాక్లీస్ సింహాన్ని చంపింది ఇక్కడేనని పురాణం. అది చాలామందికి తెలిసిన కథ. నాకు ప్రాణమైన కథ వేరే ఉంది. అది ఒక పసివాడి కథ.

నేమియా రాజుకు ఒక కొడుకు పుట్టాడు. పేరు ఒఫెల్టీస్. నడక వచ్చేదాకా వీణ్ణి నేల మీద పెట్టకండి అని దైవవాణి చెప్పింది. నేల మీద పెట్టకండి, అంతే. దాది హిప్సిపిలీ బిడ్డను చంక దించకుండా మోసింది. ఒకనాడు తీబ్స్ నగరం మీదికి యుద్ధానికి పోతున్న ఏడుగురు వీరులు ఆ దారిన వచ్చారు. దాహం, నీళ్లెక్కడమ్మా అని అడిగారు. ఊట చూపించడానికి బయల్దేరిన దాది, బిడ్డను అడవి సెలరీ ఆకుల మీద పడుకోబెట్టింది. సెలరీ మన కొత్తిమీర కుటుంబానికి చెందిన మొక్కే. ఆమె తిరిగొచ్చేసరికి పాము కాటుకు బిడ్డ పోయాడు. దాహం తీర్చబోయిన దయే వాడి ప్రాణం తీసింది.

ఆ పసివాడి పేరు మీద వీరులు పోటీలు పెట్టారట. చరిత్రకు అందిన నేమియా క్రీడలు క్రీ.పూ. 573లో మొదలయ్యాయి. గెలిచినవాడికి అడవి సెలరీ ఆకుల కిరీటం. న్యాయనిర్ణేతలకు నల్లని బట్టలు, ఆ బిడ్డకోసం సంతాపంగా. ఆటల పండగలో కూడా ఒక పసివాణ్ణి మరిచిపోని ఆ మనుషులంటే నాకు గౌరవం. ఒఫెల్టీస్ సమాధి ఆవరణ గుడికి దగ్గర్లోనే తవ్వకాల్లో బయటపడింది.

గుడి క్రీ.పూ. నాలుగో శతాబ్దిది. వందల ఏళ్లు మూడు స్తంభాలే నిలబడి ఉండేవి. పడిపోయిన రాళ్లను మళ్లీ పేర్చి ఇంకొన్నిటిని లేపారు. అక్కడి నుంచి స్టేడియానికి వెళ్లండి. క్రీడాకారులు లోపలికి వచ్చే సొరంగం 36 మీటర్లు, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆనాటి వాళ్లు గోడల మీద గీసుకున్న పేర్లు కనిపిస్తాయి. సొరంగం దాటితే పరుగు మొదలుపెట్టే రాతి వరస. కాలివేళ్లు ఆనించడానికి అందులో గాడులు చెక్కారు. 1996 నుంచి ఇక్కడ మళ్లీ పోటీలు జరుపుతున్నారు. పిల్లలు, ముసలివాళ్లు, ఏ దేశంవాళ్లయినా సరే, తెల్లని అంగీ తొడుక్కుని చెప్పులు లేకుండా పరుగెత్తుతారు.

ఇక వైన్. ఇక్కడి ఎర్ర ద్రాక్ష పేరు అయోర్యీతికో. నేమియా పేరుతో అమ్మే ఎర్ర వైన్ ఈ ఒక్క ద్రాక్షతోనే తయారు కావాలని 1971 నుంచి నియమం. లోయ అడుగున పండిన కాయకు తీపి ఎక్కువ, కొండ వాలున పండిన దానికి పులుపు ఎక్కువ. రెండూ పక్కపక్కన పోయించుకుని రుచి చూడండి, తేడా నాలుకకే తెలుస్తుంది. పాతకాలం గ్రీకులు వైన్‌లో నీళ్లు కలుపుకునే తాగేవారు. మీరూ పక్కన మంచినీళ్లు పెట్టుకోండి.

దగ్గర్లోనే మైసీనీ అనే ప్రాచీన కోట శిథిలాలు ఉన్నాయి కదా, అదీ చూసేద్దామని చాలామంది అంటారు. నా మాట వినండి, ఆ రోజుకు వద్దు. పొద్దున్నే రాళ్లు, ఎండ ముదిరాక వైన్. రాళ్లు ముందు, వైన్ తర్వాత. తోటల యజమానులు పనిలో ఉంటారు కాబట్టి ముందే ఫోన్ చేసి వేళ అడగండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. కారు నడిపేది ఎవరో ఏథెన్స్‌లో బయల్దేరేటప్పుడే తేల్చుకోండి. వాళ్లు రుచి చూడాలనుకుంటే నోట్లో తిప్పి ఉమ్మేయవచ్చు. అందుకోసం బల్ల మీద పాత్ర పెడతారు, అందులో ఉమ్మితే ఎవరూ తప్పుపట్టరు. అందరూ తాగాలనుకుంటే, డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోండి.

సెలవు.