వెలుగు భరించలేని కళ్ళతో విమానం నడిపేవాళ్ళకు కూలింగ్ గ్లాసెస్‌లో ఏ రంగు లెన్స్? ఆరు వారాలు వాడి చెబుతున్నాను

అందరికీ నమస్కారం. ముందుగా ఒక విషయం చెప్పేస్తాను. టేబుల్ మీద కనిపిస్తున్న ఈ నాలుగు జతల కూలింగ్ గ్లాసెస్ నేను కొన్నవి కావు, తయారుచేసే కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బు తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్ళకు చూపించలేదు. ఫ్రేమ్ బరువు ఎంత, పెట్టెలో ఏమేం వస్తాయి లాంటివి మీరు ఈపాటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నాలుగింటికీ ఫ్రేమ్ ఒకటే, తేడా అంతా లెన్స్‌లోనే. ఒకటి బూడిద రంగు, ఒకటి ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, ఒకటి పైన ముదురుగా మొదలై కిందికి వచ్చేసరికి లేతబడే గోధుమ రంగు, ఇంకొకటి గులాబీ.

నేను పైలట్‌ని, నా కళ్ళకు వెలుగు పడదు. కళ్ళు పొడిబారే సమస్య చాలా ఏళ్ళుగా ఉంది. నాకు మెడికల్ పరీక్ష చేసే డాక్టర్‌కు కూడా ఈ సంగతి తెలుసు. మామూలు కళ్ళున్నవాళ్ళు కాసేపు చిట్లించి ఊరుకునే చోట నాకు నీళ్ళు కారిపోతాయి. అన్నిటికంటే కష్టమైనది మబ్బుల పైన ఎగరడం. సూర్యుడు ఎదురుగా ఉంటాడు, కింద తెల్లటి మబ్బు పరిచినట్టు ఉంటుంది. వెలుగు పైనుంచే కాదు, కిందనుంచి కూడా కొడుతుంది. టోపీ పెట్టుకున్నా, సన్ వైజర్ దించినా కిందనుంచి వచ్చేదాన్ని ఆపలేవు. మీకు ఈ బాధ ఈమధ్యే కొత్తగా మొదలైతే మాత్రం గ్లాసెస్ వెతకడం ఆపి ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కంటి లోపల వాపు వచ్చినా ఇలా వెలుగు భరించలేకపోవడం ఉండొచ్చు.

నేను చేసిన మొదటి తప్పు, అందరూ చేసేదే, దొరికినవాటిలో బాగా నల్లటివి కొనడం. కొన్నేళ్ళ క్రితం కేటగిరీ 4 లెన్స్ వాడాను. అంటే మన కళ్ళకు కనిపించే వెలుగులో 3 నుంచి 8 శాతం మాత్రమే లోపలికి వదిలేది. డ్రైవింగ్‌కే వద్దని చెప్పే లెన్స్ అది. బయట చూస్తే హాయిగా ఉండేది, తల దించి ముందున్న మీటర్ల పానెల్ చూస్తే చీకటి. చార్ట్ చదవాలంటే గ్లాసెస్ తీయాలి, తీయగానే వెలుగు సూదుల్లా గుచ్చుకునేది. చీకటికి అలవాటుపడ్డ కన్ను మామూలు వెలుగును కూడా భరించలేదు. ఇంట్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరగొద్దని డాక్టర్లు చెప్పేదీ ఇందుకే. అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్ల కోసం వేసిన కరపత్రంలో లెక్క సూటిగా ఉంది: లెన్స్ 70 నుంచి 85 శాతం వెలుగును ఆపాలి, అంతకు మించి వద్దు. అంటే కనీసం 15 శాతం లోపలికి రావాలి. మనలాంటి కళ్ళకు కూడా ఆ గీత దాటకూడదనే నేను అంటాను. రంగు సరైనది దొరికితే దాటాల్సిన పని రాదు.

సరే, ఇప్పుడు రంగుల సంగతి. బూడిద రంగు అన్ని రంగుల వెలుగునూ దాదాపు సమానంగా తగ్గిస్తుంది. ఎరుపు ఎరుపుగానే, పచ్చ పచ్చగానే కనిపిస్తాయి. ఎఫ్‌ఏఏ కూడా ముందు దీన్నే సూచిస్తుంది. ఆకుపచ్చ కలిసిన బూడిద దానికి దగ్గరి చుట్టం, నాకు పెద్ద తేడా తెలియలేదు. ఈ రెండింటి గురించీ ఫిర్యాదు లేదు, పెద్దగా చెప్పడానికీ లేదు.

ఈ వీడియో చేయాలనిపించింది గోధుమ రంగు జత వల్ల. మసక పట్టిన రోజున గాలిలోని తేమ, ధూళి వెలుగును చెల్లాచెదురు చేస్తాయి. అలా చెదిరిన వెలుగు, అందులోనూ నీలం, ఊదా, ఎదురుగా తెల్లటి తెరలా అడ్డం నిలబడుతుంది. గోధుమ రంగు ఆ నీలాన్ని కొంత వడకడుతుంది. మొదటి వారంలోనే ఒక సాయంత్రం సూర్యుడికి ఎదురుగా దిగుతున్నాను. మసకలో రన్‌వే ఎక్కడుందో నాతో ఉన్న పైలట్, నేను ఇద్దరం వెతుకుతున్నాం. బూడిద జత తీసి ఇది పెట్టుకున్నాక రన్‌వే అంచులు విడివిడిగా కనిపించాయి. దిగే ఎత్తు సరిగ్గా ఉందో లేదో రంగుతో చెప్పే, రన్‌వే పక్కన ఉండే పాపీ లైట్లలో ఏది ఎరుపు, ఏది తెలుపు అన్నది కూడా స్పష్టంగా తెలిసింది. తెలుపు కాస్త పసుపు పట్టినట్టుంది, అంతే.

అయితే నేను ఇంతగా పొగిడేది రంగునొక్కదాన్నే కాదు, ఆ ముదురు నుంచి లేతకు దిగే తీరును. దీన్ని గ్రేడియెంట్ అంటారు. కాక్‌పిట్‌లో మన కళ్ళు రెండు లోకాల మధ్య తిరుగుతుంటాయి. పైన మండిపోయే ఆకాశం, కింద నీడలో ఉన్న పానెల్. మామూలు లెన్స్ రెండింటికీ ఒకే లెక్క వేస్తుంది. ఇది ఆకాశానికి ఒక లెక్క, పానెల్‌కు ఒక లెక్క వేస్తుంది. ఆరు వారాల్లో చార్ట్ చదవడానికి గ్లాసెస్ తీసింది ఒక్కసారి కూడా లేదు. వెలుగు పడని కళ్ళకు అసలు నొప్పి తీసి పెట్టడంలోనే ఉందని నాకు ఇప్పుడే అర్థమైంది. తీసిన ప్రతిసారీ కన్ను మళ్ళీ సర్దుకోవాలి, సర్దుకున్న ప్రతిసారీ నీళ్ళు. తీయనక్కర్లేని జత దొరికాక డ్యూటీ దిగేసరికి ఉండే తలనొప్పి బాగా తగ్గింది. దీనికి రెండు లోపాలున్నాయి. తలపైనున్న ఓవర్‌హెడ్ పానెల్‌ను చూడాలంటే ముదురు భాగంలోంచే చూడాలి, అక్కడ స్విచ్‌ల మీది అక్షరాలు మసగ్గా కనిపిస్తాయి. కింది మబ్బుల మీద పడి పైకి కొట్టే వెలుగును లేత భాగం సరిగా ఆపదు. ఆ ఒక్క సందర్భంలో నేను మళ్ళీ బూడిద జతకే వెళ్ళాను.

ఇక గులాబీ రంగు. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. లెన్స్‌కు వేసే ఈ రంగును, అంటే ఈ టింట్‌ను, ఎఫ్‌ఎల్-41 అంటారు. మైగ్రేన్ ఉన్నవాళ్ళకు, వెలుగు భరించలేనివాళ్ళకు కంటి డాక్టర్లు సూచించేది. కంటి లోపల వెలుగుకు స్పందించే కొన్ని కణాలు 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి నీలం వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. వెలుగు వల్ల వచ్చే నొప్పికి వాటితో సంబంధం ఉందని పరిశోధకులు చెబుతారు. ఆ వెలుగునే ఈ టింట్ ఎక్కువగా తగ్గిస్తుంది. ట్యూబ్‌లైట్ల కింద, కంప్యూటర్ ముందు ఇది నాకు ఎంత హాయినిచ్చిందో మాటల్లో చెప్పలేను. కానీ ఆగి ఉన్న విమానంలో కూర్చుని పెట్టుకుని చూశాను. డిస్‌ప్లే మీద లేత నీలం గీతలు వెలిసిపోయాయి. కాక్‌పిట్‌లో రంగే సమాచారం. ఏ రంగు దేనికో ఒక అర్థం ఉంటుంది. రంగు మార్చే అద్దంతో గాల్లోకి వెళ్ళడం నాకు సమ్మతం కాదు, అందుకే దీనితో ఎగరలేదు. పసుపు, నారింజ లెన్స్‌లకూ ఇదే మాట. అలాంటిదాన్ని "పైలట్ల కోసం" అని రాసిన పెట్టెలో, ఒక్క హెచ్చరిక కూడా లేకుండా పంపారు. వెలుగుతో బాధపడుతున్న కుర్ర పైలట్ ఎవరైనా ఆ హాయి చూసి నేరుగా దీన్నే పెట్టుకుని ఎక్కేస్తే? కంపెనీకి ఇదే రాశాను. పెట్టె మీది మాట మార్చండి అన్నాను.

తళుకును తగ్గించే పోలరాయిడ్, అంటే పోలరైజ్డ్ లెన్స్, ఈ నాలుగింటిలో ఎందుకు లేదని మీరు అడుగుతారని తెలుసు. రోడ్డు మీద, నీళ్ళ దగ్గర పోలరైజ్డ్ లెన్స్ గొప్పదే. గతంలో నేను కొన్న రెండో జత అదే. కానీ కాక్‌పిట్‌లో తల కాస్త పక్కకు వంచితే డిస్‌ప్లే నల్లబడింది. విండ్‌షీల్డ్‌లో మరకల్లాంటి చారలు కనిపించాయి. అన్నిటికంటే ముఖ్యం, దూరంగా వెళ్ళే విమానం రెక్క మీద ఎండ తళుక్కుమంటేనే చాలాసార్లు మనం దాన్ని గమనిస్తాం. ఆ తళుకునే ఈ లెన్స్ మింగేయగలదు. ఎండకు తనంతట తానే నల్లబడే ఫొటోక్రోమిక్ కూడా ఒకటి కొన్నాను. అది నల్లబడాలంటే అతినీలలోహిత కిరణాలు కావాలి, విండ్‌షీల్డ్ వాటిలో చాలావరకు ఆపేస్తుంది. మెట్లు దిగి బయటికొచ్చాక నల్లబడేది, లోపల నా కళ్ళు మండుతున్నంతసేపూ లేతగానే ఉండేది.

ఆ కిరణాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. లెన్స్ ఎంత నల్లగా ఉంది అన్నదానికీ, ఆ కిరణాలను ఎంత ఆపుతుంది అన్నదానికీ సంబంధం లేదు. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకూ అవి సుమారు 5 శాతం పెరుగుతాయి. విండ్‌షీల్డ్ ఆపేది కూడా పూర్తిగా కాదు. నల్లగా ఉండి వాటిని ఆపని అద్దం వెనుక కంటిపాప పెద్దదై ఇంకా ఎక్కువ లోపలికి తీసుకుంటుంది. కాబట్టి ఆ కిరణాలను 400 నానోమీటర్ల వరకు ఆపుతుందని రాసి ఉందో లేదో చూడండి. ఈ నాలుగింటికీ ఉంది. కాడలు కూడా సన్నగా, హెడ్‌సెట్ కిందకు నొక్కుకోకుండా పోతున్నాయి. కాడ లావైతే చెవి చుట్టూ సందు పడి ఇంజిన్ హోరు లోపలికి వస్తుంది, రెండో గంటకు కణతలు నొప్పి పుడతాయి.

నా కళ్ళలాంటివి మీకూ ఉంటే గోధుమ రంగు గ్రేడియెంట్ తీసుకోండి, ఇది కళ్ళు మూసుకుని చెప్పగలను. కొనే ముందు మాత్రం మీరు నడిపే విమానంలో, నేల మీద ఉండగానే, డిస్‌ప్లే మీది ఒక్కో రంగునూ దాని గుండా చూడండి. ఒక్క రంగు అటూ ఇటూ అయినా బూడిదకు వెళ్ళండి. నా ఫ్లైట్ బ్యాగులో ఇప్పుడు గోధుమ జత పై అరలో ఉంది, మబ్బుల మీది ప్రయాణానికి బూడిద జత దాని కింద. గులాబీ జత ఇంట్లో కంప్యూటర్ పక్కన ఉంటుంది. కంపెనీ నుంచి జవాబు వస్తే వీడియో కింద పిన్ చేస్తాను.