పెరట్లో స్విమ్మింగ్ పూల్: మూడేళ్ల తర్వాత పైపుల రివ్యూ

నమస్కారం అండీ. నీళ్లు ఇవాళ అద్దంలా ఉన్నాయి కదా? కెమెరాలో కూడా అడుగున టైల్స్ గీతలు కనిపిస్తున్నాయి. ఈ పూల్‌ని ఒక్క నిమిషం కళ్లారా చూసేయండి, ఎందుకంటే ఈ వీడియోలో ఇది మళ్లీ పెద్దగా కనపడదు. ఇవాళ మనం ఉండేది అదిగో, ఆ మూలనున్న మోటారు గదిలో.

పూల్ కట్టి మూడేళ్లయింది. కొత్తలో వచ్చినవాళ్లందరూ టైల్స్ రంగు గురించి అడిగారు, లైట్ల గురించి అడిగారు. నేల కింద పైపులు ఎలా కలిపారని ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నేను కూడా అడగలేదు. టైల్ నచ్చకపోతే పీకి ఇంకోటి వేసుకోవచ్చు. మోటారు కాలిపోతే రెండు యూనియన్లు (విప్పి బిగించుకునే జాయింట్లు) విప్పి కొత్తది బిగించుకోవచ్చు. కాంక్రీటు కింద పూడ్చిన పైపుని మాత్రం మళ్లీ ముట్టుకోవాలంటే నేల పగలగొట్టాల్సిందే. నేను పగలగొట్టాను. ఎందుకో చెప్తాను.

ముందు సైజు. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4, లోతు ఈ చివర 1.1, ఆ చివర 1.7. సగటున 1.4 వేసుకుంటే దగ్గరదగ్గర 45,000 లీటర్లు. ఇవన్నీ ఎనిమిది గంటల్లో ఒక చుట్టు తిరగాలి. ఇళ్లలో పూల్స్‌కి మామూలుగా వేసుకునే లెక్క ఇదే. అంటే నిమిషానికి సుమారు 94 లీటర్లు. మోటారు షాపుకి వెళ్లేముందు ఈ అంకె చేతిలో ఉండాలి. చాలామంది ముందు పెద్ద మోటారు కొనేసి, తర్వాత దానికి పైపులు వెతుకుతారు.

ఇక్కడ ఒక తిరకాసు ఉందండీ. 45,000 లీటర్లు తిరిగాయంటే పూల్‌లో ప్రతి చుక్కా ఫిల్టర్‌లోంచి వచ్చిందని కాదు. శుభ్రమైన నీళ్లు వెనక్కి వచ్చి మురికి నీళ్లలోనే కలుస్తాయి. కొన్ని రెండుసార్లు వెళ్లొస్తాయి, కొన్ని అసలు కదలవు. నీళ్లు బాగా కలిసిపోతాయనుకుంటే ఒక చుట్టుకి 63 శాతం దాకా ఫిల్టర్ అవుతాయి, రెండు చుట్లకి 86, మూడింటికి 95. "ఎనిమిది గంటలు తిప్పాను, ఇంకా మసకగానే ఉన్నాయి" అని కంగారు పడేవాళ్లకి జవాబు ఇదే.

సరే, నీళ్లతోపాటు మనమూ నడుద్దాం. గట్టు పక్కన ఈ నోరు చూశారా? ఇది స్కిమ్మర్. ఆకులు, పురుగులు, చర్మం మీది నూనె, అన్నీ ముందు పైనే తేలతాయి. ఈ ఊగే రేకు పైపొరని మాత్రమే లోపలికి రానిస్తుంది. నీటి మట్టం ఈ నోటికి సగంలో ఉండాలి. ఎక్కువైతే పైపొర లాగదు, తక్కువైతే గాలి మింగుతుంది. గాలి ఎక్కువగా ఎటు వీస్తుందో చూసుకుని, చెత్త కొట్టుకొచ్చే వైపే దీన్ని పెట్టాలి. మాది సరైన వైపే పడింది. తెలివి కాదు, అదృష్టం.

అడుగున, లోతు చివర, రెండు మెయిన్ డ్రెయిన్లు, అంటే అడుగు నీళ్లని మోటారు పీల్చుకునే రంధ్రాలు, ఉన్నాయి. రెండెందుకంటారా? ఇది కొంచెం ఆగి చెప్పాల్సిన విషయం. డ్రెయిన్ ఒక్కటే ఉండి, దాని మీద ఎవరి ఒళ్లయినా పూర్తిగా కప్పుకుందనుకోండి, మోటారు పీల్చే బలమంతా ఆ మనిషి మీదే పడుతుంది. పెద్దవాళ్లు కూడా విడిపించుకోలేరు. 2002లో అమెరికాలో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్ (వేడినీళ్ల తొట్టి) డ్రెయిన్‌కి ఇలాగే అతుక్కుపోయి ప్రాణాలు పోగొట్టుకుంది. డ్రెయిన్ మూతల మీద 2007లో అక్కడ వచ్చిన చట్టం ఆ పాప పేరుతోనే ఉంది. రెండు డ్రెయిన్లు కనీసం మూడడుగుల దూరంలో పెట్టి, టీతో (T ఆకారపు జాయింటుతో) కలిపి ఒకే పైపుకి ఇస్తే, ఒకటి మూసుకున్నా నీళ్లు రెండో దాంట్లోంచి వస్తాయి. పైన ఇలా ఉబ్బెత్తుగా ఉండే మూత ఉండాలి, చదునుగా ఉండేది కాదు. మూత పగిలిందా, కొత్తది బిగించేదాకా ఎవరినీ నీళ్లలో దిగనివ్వకండి. మా ఇంట్లో ఈ ఒక్క విషయంలో మాత్రం నేను హిట్లర్‌ని.

ఇప్పుడు మేము దెబ్బ తిన్న చోటికి వద్దాం.

డ్రెయిన్లు రెండూ టీతో కలపడం సరైనదే. మా ప్లంబరు ఇంకో అడుగు ముందుకేసి, స్కిమ్మర్ పైపుని కూడా కాంక్రీటు కిందే అదే లైన్‌లో కలిపేశాడు. మోటారు దగ్గరికి ఒక్క పైపే వచ్చింది. పైపు కలిసొచ్చింది, తవ్వకం కలిసొచ్చింది. చూడ్డానికి కూడా నీట్‌గా ఉంది. నేనూ మెచ్చుకున్నాను.

మొదటి వేసవిలో మూడు వారాలు ఊరెళ్లాం. మోటారు టైమర్ మీద ఉంది. ఎండకి రోజుకి అయిదు మిల్లీమీటర్లు ఆవిరైనా మూడు వారాలకి పది సెంటీమీటర్ల పైనే పోతాయి. మట్టం స్కిమ్మర్ నోటి కిందికి దిగిపోయింది. నీటి కంటే గాలి తేలిక కదా, మోటారు దాన్నే పీల్చింది. అడుగున డ్రెయిన్ల దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా ఒక్క చుక్క రాలేదు, ఎందుకంటే స్కిమ్మర్ని విడిగా కట్టేయడానికి వాల్వు లేదు. మోటారుకి ఎయిర్ పట్టింది, ఎండిపోయి తిరిగింది, వేడికి సీలు కాలింది, దానికి తగిలించిన పైపు మెత్తబడి వంకర పోయింది. మేము తిరిగొచ్చేసరికి నీళ్లు పచ్చగా పాకుడు పట్టాయి.

స్కిమ్మర్ నుంచి ఈ గది దాకా గట్టు పగలగొట్టి, విడిగా ఇంకో పైపు, దాంతోపాటే అడుగు శుభ్రం చేసే వ్యాక్యూమ్ గొట్టానికి ఒకటి వేశాం. అదిగో, అక్కడ టైల్స్ రంగు కాస్త తేడాగా ఉంది చూడండి, అదే ఆ గాయం. ఇప్పుడు గోడలోంచి మూడు పైపులు వస్తున్నాయి: స్కిమ్మర్, డ్రెయిన్లు, వ్యాక్యూమ్ గొట్టానికి ఒకటి. ప్రతిదానికీ ఒక బాల్ వాల్వు. ఊరెళ్లేటప్పుడు స్కిమ్మర్ వాల్వు కట్టేసి, డ్రెయిన్ల మీద నడిపిస్తాను. మీ ప్లంబరు "అన్నీ కిందే కలిపేద్దాం సార్" అంటే ఒప్పుకోకండి. కలపాల్సినవి కంటికి కనిపించే చోట కలపాలి.

పైపు సైజు విషయంలో మాత్రం గెలిచాం. రెండంగుళాలు వేయించాను. నిమిషానికి 94 లీటర్లకి ఒకటిన్నర అంగుళం చాలు కదా అని ప్లంబరు వాదించాడు. లెక్క ప్రకారం అతను చెప్పింది నిజమే. పీల్చే పైపులో నీటి వేగం సెకనుకి 1.8 మీటర్లు దాటకూడదు, ఒకటిన్నరలో 94 లీటర్లు 1.2 దగ్గరే ఉంటాయి. కానీ 94 దగ్గరే ఆగితే పప్పులో కాలేసినట్టే. ఇసుక ఫిల్టర్ని బ్యాక్‌వాష్ చేసేటప్పుడు, అంటే నీళ్లని తిరగేసి పంపి కడిగేటప్పుడు, ఇసుక పైకి లేవాలి, అందుకు మా 24 అంగుళాల ఫిల్టర్‌కి నిమిషానికి 180 లీటర్ల దాకా కావాలి. ఒకటిన్నర పైపులో అది హద్దు దాటిపోతుంది, రెండంగుళాల్లో హాయిగా వెళ్తుంది. పైగా అన్నే నీళ్లు వెళ్తున్నప్పుడు రెండంగుళాల పైపులో రాపిడి మూడో వంతు కూడా ఉండదు. పైపు అరంగుళం పెరిగినందుకు మోటారు జీవితాంతం సుఖపడుతుంది.

ఇక మోటారు. వినండి ఒకసారి... ఎంత నిశ్శబ్దంగా ఉందో. మొదట్లో గులకరాళ్లు నమిలినట్టు శబ్దం వచ్చేది. మోటారు మూతికి ఆనించి ఎల్బో, అంటే వంపు జాయింటు, పెట్టడమే కారణం. వంపు తిరిగిన నీళ్లు సుళ్లతో ఒక పక్కకే పడుతుంటే ఇంపెల్లర్ (మోటారులో నీళ్లని నెట్టే రెక్కల చక్రం) దగ్గర ఒత్తిడి తగ్గి బుడగలు పుడతాయి, పుట్టి పగిలిపోతుంటాయి. ఆ చప్పుడే అది. ఎల్బోకీ మోటారుకీ మధ్య పైపు వ్యాసానికి కనీసం అయిదు రెట్లు తిన్నటి పైపు ఉండాలి. రెండంగుళాల పైపుకి పది అంగుళాలు. నేల పైన ఉన్న పని కాబట్టి ఒక పూటలో సరిచేశాం.

సీలు కాలిన పాత మోటారు స్థానంలో వేగం మార్చుకునే మోటారు తెచ్చాం. వేగం సగానికి తగ్గిస్తే నీళ్లు సగమే వస్తాయి, కరెంటు మాత్రం కాగితం మీద ఎనిమిదో వంతుకి పడిపోతుంది. రెట్టింపు సేపు నడిపినా ఖర్చయ్యేది నాలుగో వంతే. నిజంలో అంత ఆదా రాదు, అయినా తేడా బిల్లులో కనిపిస్తుంది. ఒక చిక్కుంది: మరీ తగ్గిస్తే స్కిమ్మర్ సోమరిపోతవుతుంది, పైన చెత్త కదలదు. అందుకని పొద్దున ఒక గంట వేగం పెంచుతాను. బ్యాక్‌వాష్‌కి ఎలాగూ పూర్తి వేగం ఉండాల్సిందే.

దీని పక్కన ఈ పెద్ద కుండలాంటిది ఇసుక ఫిల్టర్. పైన ఆరు స్థానాల వాల్వు: ఫిల్టర్, బ్యాక్‌వాష్, రిన్స్, వేస్ట్, రీసర్క్యులేట్, క్లోజ్డ్. మోటారు తిరుగుతుండగా ఈ పిడి తిప్పారంటే లోపలి రబ్బరు గాస్కెట్ తొలగిపోతుంది. ఇక ఆ రోజు నుంచి నీళ్లు తెలియకుండా డ్రైనేజీలోకి కారుతూనే ఉంటాయి. ముందు మోటారు ఆపండి, తర్వాతే పిడి. బ్యాక్‌వాష్ అయ్యాక రిన్స్ మానేయకండి, మానేస్తే మొదటి మురికి దమ్ము పూల్‌లోకే వస్తుంది.

ఇసుక 20 నుంచి 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) సన్నటి మురికి దాకా పట్టుకుంటుంది. విప్పి కడుక్కునే కాట్రిడ్జ్ ఫిల్టర్ అయితే 10 నుంచి 20. మరి ఇసుకే ఎందుకంటే, కాట్రిడ్జ్ విప్పి, కడిగి, ఆరబెట్టే ఓపిక నాకు లేదు, అంతే. ఇసుకలో ఇంకో వింత ఉంది: కాస్త మురికి పట్టిన ఇసుకే బాగా వడకడుతుంది, ఆ మురికే ఖాళీల్ని చిన్నవి చేస్తుంది. కాబట్టి రోజూ బ్యాక్‌వాష్ చేసే శుభ్రత పిచ్చి ఇక్కడ పనికిరాదు. శుభ్రంగా ఉన్నప్పుడు గేజ్ (ఒత్తిడిని పీఎస్ఐ అనే కొలతలో చూపే మీటరు) ఎంత చూపిస్తుందో రాసుకోండి. దాని మీద 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగినప్పుడు చేస్తే చాలు.

ఫిల్టర్ దాటాక క్లోరిన్ యంత్రం ఉంటుంది, అది వరసలో ఆఖరున ఉండాలి. అక్కడి నుంచి నీళ్లు మూడు రిటర్న్‌ల ద్వారా పూల్‌లోకి వెళ్తాయి. మా రిటర్న్‌లకి నేనిచ్చేది పదికి అయిదు. మూడింటినీ ఒకే పైపు మీద వరసగా తగిలించారు. దగ్గరది జోరుగా కొడుతుంది, చివరిది నీరసంగా. పైపుని చుట్టూ తిప్పి మళ్లీ మొదటికే కలిపి ఉంటే ఒత్తిడి మూడింటికీ ఇంచుమించు సమంగా ఉండేది. ఇప్పుడు చివరి రిటర్న్ పక్కనున్న మెట్ల మూలలో నీళ్లు కదలవు, పాకుడు పట్టేది ఎప్పుడూ అక్కడే. రిటర్న్ మూతుల్లో తిరిగే గోళీల్ని అటు తిప్పి పెట్టి, బ్రష్‌తో రుద్ది నెట్టుకొస్తున్నాను. దీనికోసం మళ్లీ పగలగొట్టే ధైర్యం లేదు.

కట్టేవాళ్లకి ఒక్క పని గట్టిగా చెప్తాను: కాంక్రీటు పోయకముందు పైపులకి ప్రెషర్ టెస్ట్. చివరలన్నీ బిరడాలతో మూసి, నీళ్లు నింపి, 30 పీఎస్‌ఐ ఎక్కించి ఒక రోజంతా వదిలేయాలి. గాలితో వద్దు, పీవీసీ పగిలిందంటే ముక్కలు ఎగిరి తగులుతాయి. మేము చేసినప్పుడు తెల్లారేసరికి ముల్లు 30 నుంచి 18కి పడిపోయింది. ఒక ఎల్బోకి ప్రైమర్ రాయకుండానే సొల్యూషన్ పూసేశారు. కోసి కొత్తది వేయడానికి పావుగంట పట్టింది. గోటితో పోయేది గొడ్డలిదాకా రాలేదు. కాంక్రీటు పోసేటప్పుడు కూడా ఆ ఒత్తిడి అలాగే ఉంచాం, ఎవరైనా పొరపాటున గునపం దింపితే వెంటనే తెలుస్తుందని.

ఇంకోటి, దీన్ని ఎవరూ నమ్మరు: ఖాళీ పూల్ పడవలా తేలుతుంది. లోపల 45 టన్నుల నీళ్లున్నంతసేపూ అది కదలదు. బాగా వానలు పడి భూమిలో నీరు పైకొచ్చినప్పుడు ఖాళీ చేశారంటే, కింది నీళ్లు మొత్తం తొట్టినే పైకెత్తేస్తాయి. పగుళ్లు, విరిగిన పైపులు, అన్నీ తర్వాత వరసగా వస్తాయి. అందుకే మెయిన్ డ్రెయిన్ గుంటలో హైడ్రోస్టాటిక్ వాల్వు పెట్టిస్తారు, కింద ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని నీళ్లని లోపలికి రానిస్తుంది. అది ఉంది కదా అని వానాకాలంలో ఖాళీ చేయకండి.

కరెంటు గురించి ఎక్కువ మాట్లాడను, అది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడిపోయే బ్రేకర్ లేకుండా మాత్రం ఈ గదిలో స్విచ్ వేయకండి.

కామెంట్లలో ఎక్కువగా అడిగేది, "లీకు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?" అని. రిటర్న్‌లోంచి నీళ్లతోపాటు బుడగలు వస్తున్నాయా? అయితే తప్పు మోటారుకి ముందు, పీల్చే వైపు ఉంది. అక్కడ నీళ్లు కారవు, గాలి లోపలికి పోతుంది. ముందు మోటారు మూతి దగ్గర చెత్త పట్టే ఈ బుట్ట మూత కిందున్న రబ్బరు రింగు చూడండి, నూటికి తొంభైసార్లు దొంగ అదే అని నా అనుభవం. మోటారు తర్వాత లీకైతే నేల తడుస్తుంది, వెతకక్కర్లేదు.

ఆగండాగండి, గేజ్ చూశారా? శుభ్రంగా ఉన్నప్పుడు 12, ఇప్పుడు 21. మాటల్లో పడి గమనించలేదు. మోటారు ఆపుతున్నాను... ఆగింది. ఇప్పుడు పిడి నొక్కి, బ్యాక్‌వాష్ మీదకి. ఈ గాజు గొట్టంలో చూడండి, టీ డికాక్షన్‌లా వస్తున్నాయి. ఇది తేటబడేదాకా రెండు మూడు నిమిషాలు నేనిక్కడే నిలబడాలి. మీరు వెళ్లిరండి, ఉంటాను.