పసుపు పూసిన గడిని ఏజెంటుకు చూపించడం ఎలా

అందరికీ నమస్కారం. ఎక్సెల్ షీటులోని రంగులు, గీతలు ఏఐ ఏజెంటుకు, అంటే టూళ్ళు వాడుకుంటూ మన తరఫున పని చేసే ఏఐ ప్రోగ్రాముకు, ఎలా అందించాలన్నది ఈరోజు విషయం. తిరుపతిలో దీని గురించి మాట్లాడేటప్పుడు ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. దామలచెరువు మండీలో తోతాపురి కాయ కొనే ఒక గుజ్జు ఫ్యాక్టరీ ఎక్సెల్ షీటు ఊహించుకోండి. రైతు పేరు, ఊరు, తేదీ, వేబ్రిడ్జి చీటీ నంబరు, టన్నులు, ధర, మొత్తం. డబ్బు ఇవ్వాల్సి ఉంటే గుమాస్తా ఆ వరుసకు పసుపు పూస్తాడు. లోడు వెనక్కి పోతే వరుస మొత్తం మీద కొట్టివేత గీత పెడతాడు. బాకీ అనో రద్దు అనో కాలమ్ ఎక్కడా ఉండదు.

ఈ షీటును ఏఐ ఏజెంటుకిచ్చి, రైతులకు ఇంకా ఎంత ఇవ్వాలో అడగండి. ఏజెంటు కోసం షీటు చదివిపెట్టే మామూలు టూలు దాన్ని సీఎస్‌వీగా, అంటే విలువలు మాత్రమే ఉండే ఉత్త టెక్స్టుగా మార్చి అందిస్తుంది. రంగూ పోయింది, కొట్టివేత గీతా పోయింది. తీరిన బాకీలు, తిరిగెళ్ళిన లోడ్లు అన్నీ కలిపేసి ఏజెంటు తడుముకోకుండా ఒక అంకె చెబుతుంది. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఇక లోపల ఏముందో చూద్దాం. ఎక్సెల్ సేవ్ చేసే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్, లోపల చాలా చిన్న ఫైళ్ళుంటాయి. షీటు ఎక్స్‌ఎంఎల్‌లో జి17 గడి దగ్గర రంగు రాసి ఉండదు. ఎస్ అనే గుణానికి 12 అని ఉంటుందనుకోండి, అంతే. ఆ 12 పట్టుకుని స్టైల్స్ ఫైలులోని సెల్‌ఎక్స్‌ఎఫ్స్ జాబితాకు పోవాలి. లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి అది 13వ ఎంట్రీ. అక్కడ ఫాంటుకు, ఫిల్‌కు (గడి నిండా పూసే రంగుకు), బోర్డరుకు, నంబర్ ఫార్మాట్‌కు వేరువేరు నంబర్లు ఉంటాయి. వాటిని పట్టుకుని మరో జాబితాకు పోతే అప్పుడు రంగు దొరుకుతుంది.

దొరికినా అది ఒక్కోసారి రంగు కాదు, థీమ్ నంబరు, అంటే ఫైలుకు ఎంచుకున్న రంగుల జాబితాలో ఒక నంబరు. థీమ్ ఫైలులో మొదటి నాలుగూ ముదురు, లేత, ముదురు, లేత అనే వరుసలో ఉంటాయి. స్టైల్స్ మాత్రం సున్నాను లేత, 1ని ముదురు అని లెక్కపెడుతుంది. ఈ తారుమారు తెలియని టూలు తెల్ల గడిని నల్లగా చూస్తుంది. దాని మీద టింట్ అనే సవరణ ఒకటి: 0.6 అంటే వెలుగును తెలుపు వైపు 60 శాతం జరపాలి, మైనస్ అయితే నలుపు వైపు. పైథాన్‌లో ఎక్సెల్ ఫైళ్ళు చదివే ఓపెన్‌పైఎక్స్‌ఎల్ లైబ్రరీ వాడేవాళ్ళు నేరుగా ఆర్‌జీబీ (రంగు కోడు) అడిగితే, థీమ్ రంగు ఉన్న గడికి రంగు బదులు ఏదో టైపు గురించిన వాక్యం వస్తుంది. రంగే పూయని గడికి ఎనిమిది సున్నాలు వస్తాయి, దాన్ని నలుపు అనుకుంటారు. ముందు ఫిల్ రకం, తర్వాత రంగు రకం చూడండి.

మామూలు సాలిడ్ ఫిల్‌లో కంటికి కనబడేది ముందు రంగు, అంటే ఎఫ్‌జీ. కండిషనల్ ఫార్మాటింగ్ (షరతు పెడితే ఎక్సెలే రంగు పూసే పద్ధతి) స్టైల్‌లో మాత్రం కనబడేది వెనక రంగు, అంటే బీజీ. ఎందుకిలా చేశారో వాళ్ళకే తెలియాలి!

కండిషనల్ ఫార్మాటింగ్ అసలు వేరే సమస్య. ఫైలులో నియమం ఉంటుంది, ఫలితం ఉండదు. బ్రిక్స్ (కాయ తీపి కొలత) 14 కన్నా తక్కువైతే ఎరుపు అని పెట్టారనుకోండి. గడి స్టైల్ చదివితే ఎరుపు జాడే ఉండదు. ఓపెన్‌పైఎక్స్‌ఎల్ నియమాన్ని చూపిస్తుంది గానీ లెక్కకట్టదు. కాబట్టి టూలే లెక్కకట్టాలి, లేదా నియమాన్నైనా ఏజెంటుకు అందించాలి. గూగుల్ షీట్స్ ఏపీఐలో (ప్రోగ్రాములు షీటును చదివే దారిలో) పని తేలిక: యూజర్ ఎంటర్డ్ ఫార్మాట్ మనిషి పూసింది, ఎఫెక్టివ్ ఫార్మాట్ నియమాలు కూడా వర్తించాక కనబడేది. రెండూ అడిగి విడివిడిగా ఇవ్వండి. చేత్తో పూసిన పసుపు ఒక మనిషి నిర్ణయం, నియమం పూసిన ఎరుపు అంకెల పర్యవసానం. రెండింటినీ కలిపేస్తే ఏజెంటుకు ఆ తేడా మళ్ళీ దొరకదు.

నంబర్ ఫార్మాట్ కూడా ఫార్మాటింగే. తేదీ కాలమ్‌లో లోపల ఉండేది 45458. 1900 మొదటి నుంచి రోజులు లెక్కపెట్టే పద్ధతిలో అది 2024 జూన్ 15. ఫార్మాట్ చూడని ఏజెంటు దాన్ని కిలోలనుకున్నా ఆశ్చర్యం లేదు. లోపలి విలువ, తెరమీద కనబడే రూపం రెండూ పంపండి.

ఇంత చదివాక అంతా కుమ్మరించకూడదు. 3,000 వరుసలు, 12 కాలమ్‌లంటే 36,000 గడులు. గడికి 50 టోకెన్లు (ఏఐ చదివే టెక్స్టు ముక్కలు) వేసుకున్నా 18 లక్షలు. నా సలహా, రెండు మెట్లు. ఏజెంటు టూలును పిలిచే మొదటి పిలుపుకు సారాంశం: ఈ షీటులో ఏ స్టైళ్ళున్నాయి, ఒక్కోటి ఎన్ని గడుల్లో ఉంది, ఏ రేంజిల్లో ఉంది. బోర్డర్లు, ఫాంటు పేర్లు అడిగితే తప్ప వద్దు. రెండో పిలుపుకు ఏజెంటు కోరిన రంగు వరుసలు మాత్రమే. వరుస మొత్తానికి రంగు పూస్తే ఖాళీ గడులు ఫైలులో లేకపోవచ్చు, రంగు వరుస గుణంలోనే ఉంటుంది, అదీ చూడాలి. విలీనం చేసిన గడుల్లో విలువ పై ఎడమ గడిలోనే ఉంటుంది. దాచిన వరుసలను వదిలేయకండి, దాచారని చెప్పి ఇవ్వండి.

రంగుకు అర్థం చెప్పడం మాత్రం టూలు పని కాదు. ముదురు పసుపు, లేత పసుపు రెండూ ఉంటే ఒకటిగా కలపొద్దు, ఇద్దరు గుమాస్తాలు రెండు ఉద్దేశాలతో పూసి ఉండొచ్చు. రంగు హెక్స్ కోడు, దాని పక్కన దగ్గరి రంగు పేరు ఇస్తే చాలు. "పసుపు 212 వరుసల్లో ఉంది, దీనర్థం ఏమిటి?" అని ఏజెంటు గుమాస్తానే అడగాలి.

చివరిగా, అసలు ఫైలును చదవడానికి మాత్రమే తెరవండి. ఓపెన్‌పైఎక్స్‌ఎల్‌లో డేటా ఓన్లీతో, అంటే ఫార్ములాల బదులు విలువలే చదివే పద్ధతిలో, తెరిచి అదే పేరుతో సేవ్ చేస్తే ఫార్ములాలు పోయి విలువలే మిగులుతాయి. ఏదో ప్రోగ్రాము తయారుచేసి, ఎక్సెల్‌లో ఒక్కసారీ తెరిచి సేవ్ చేయని ఫైలైతే ఆ విలువలు కూడా ఉండకపోవచ్చు, ఫార్ములా గడులన్నీ ఖాళీగా రావచ్చు. అలాంటప్పుడు సున్నా అని కాకుండా, లెక్కకట్టలేదు అని రాసి పంపండి.