ఎయిర్ పిస్టల్ లివర్ తెరిస్తే ఖాళీ అయినట్టేనా?

నమస్తే అండి. చిన్నా, ఆ ఫ్యాన్ ఆపు, మైకులోకి గాలి కొడుతోంది. హాఁ, ఇప్పుడు ఓకే.

ఇవాళ్టి వీడియో కొత్తగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మొదలుపెట్టినవాళ్ల కోసం. మా రేంజ్‌లో ఆదివారం వస్తే లేన్ దొరకడం కష్టంగా ఉంది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023 హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో నాలుగు పతకాలు తెచ్చింది. పిల్లలకు ఆశ పుట్టదా మరి? మంచిదే. కానీ వెనక బెంచీ మీద కూర్చుని చూస్తుంటే ఒక్కోసారి నాకు చెమటలు పడతాయి. అందుకే ఈ వీడియో.

ఇదిగో పిస్టల్. ఇది గాలి నింపే సిలిండర్, ఇది పెల్లెట్ పెట్టడానికి తెరిచి మూసే లివర్, ఇది గ్రిప్, ఇది ట్రిగ్గర్. గాలి నింపడం, సిలిండర్ బిగించడం మీ కోచ్ చూపించే ఉంటారు, వదిలేస్తున్నా. ఆఁ, ఒక్కటి. సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది. దగ్గరికి రా చిన్నా... ఇక్కడ. పదేళ్లు దాటితే పక్కన పెట్టేయడమే. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు గ్రిప్ చేతికి కుదిరిందా అని పది సార్లు పట్టుకుని చూస్తారు, ఈ తేదీ మాత్రం చూడరు. లోపల 200 బార్ ప్రెషర్ అండి. కారు టైర్‌లో ఉండేది రెండు బార్ చిల్లర!

ఇక "ఎయిర్ గన్నే కదా అన్నా" అనేవాళ్లకు. పెల్లెట్, అంటే దీంట్లోంచి వచ్చే చిన్న గుండు, 4.5 మిల్లీమీటర్లే, నిజమే. బయటికొచ్చే వేగం సెకనుకు దాదాపు 150 మీటర్లు. కంటికి తగిలితే కన్ను పోతుంది. లైసెన్స్ అడగరు కాబట్టి బొమ్మ అనుకుంటున్నారు. ఫోటో కోసం కెమెరా వైపే గురిపెట్టి నిలబడతారు, తీసేవాడేమో నవ్వుతూ ఇంకో రెండు తీస్తాడు.

సరే, వేలు. ఇలా... ట్రిగ్గర్ గార్డ్ బయట, పక్కన చాపి. గురి టార్గెట్ మీదకు వచ్చాకే లోపలికి. మ్యాచ్‌లో ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఎత్తాలని రూల్. అంటే అర కిలో పంచదార ప్యాకెట్. చాలామంది ఆ కనీసం మీదే పెట్టుకుంటారు. వేలు లోపలుంటే తుమ్మినా పేలుతుంది.

తర్వాత, తిరగడం. ఇది బాగా చూడండి, నేను చేసి చూపిస్తా. చిన్నా, నువ్వు వెనక నుంచి పిలువు. "అన్నా!" చూశారా? నేను తల ఒక్కటే తిప్పాననుకున్నా. భుజం తిరిగింది, భుజంతో పాటు చెయ్యి, చేతితో పాటు పిస్టల్ మూతి కూడా పక్క లేన్ వైపు వెళ్లిపోయింది. మళ్లీ చూడండి. "అన్నా!" ఇప్పుడేం చేశాను? ముందు పిస్టల్ బల్ల మీద పెట్టాను, మూతి టార్గెట్ వైపే ఉంది, చెయ్యి వదిలేశాను, అప్పుడు తిరిగాను. పిలిచినవాడు రెండు సెకన్లు ఆగుతాడు, కొంపలేం మునగవు. పేపర్ టార్గెట్లున్న క్లబ్బుల్లో ఎవరైనా లైన్ దాటి ముందుకెళ్తే, వాళ్లు వెనక్కి వచ్చేదాకా పిస్టల్ ముట్టుకోకూడదు. సైట్, అంటే గురి చూసే భాగం, సరిచేయడానికి కూడా వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నేను బోల్తా పడింది ఇక్కడే.

పెల్లెట్ పెడుతున్నా. లివర్ మూశా. ఇప్పుడు మనసు మారింది, కాల్చదలచుకోలేదు. లివర్ తెరిచా. లోపల చూడండి. ఏమైనా కనిపిస్తోందా? ఏమీ లేదు కదా. ఖాళీ కదా?

కాదండి. పెల్లెట్ బ్యారెల్‌లోనే ఉంది.

పాయింట్ టూ టూ రైఫిల్‌లో బోల్ట్ లాగితే తూటా బయటికొచ్చి పడుతుంది, దాన్ని పట్టి లాగే కొక్కెం ఉంటుంది కాబట్టి. దీంట్లో ఆ కొక్కెం లేదు. లివర్ మూసేటప్పుడు ఈ చిన్న పుల్ల పెల్లెట్‌ను బ్యారెల్‌లోకి తోస్తుంది. తెరిస్తే పుల్ల ఒక్కటే వెనక్కి వస్తుంది. ఇంకోసారి చూపిస్తా... తోసింది... వెనక్కి వచ్చింది. పెల్లెట్ రాలేదు.

నాకేం జరిగిందంటే, ఓ రోజు రేంజ్‌లో లోడ్ చేశాక ఇంటి నుంచి ఫోన్. లివర్ తెరిచా, చూశా, ఏమీ కనపడలేదు, పెట్టెలో పెట్టేసి వెళ్లిపోయా. సిలిండర్ కూడా విప్పలేదు. రాత్రి ఇంట్లో డ్రై ఫైర్ ప్రాక్టీస్. డ్రై ఫైర్ అంటే తెలుసు కదా, ట్రిగ్గర్ నొక్కుడే, గాలి రాదు. ఈ స్విచ్ అటు తిప్పాలి. తిప్పాననే అనుకున్నా. టప్! బీరువా పక్కన ప్లైవుడ్ అలమారా తలుపుకు బొక్క. ఆ బొక్క మీద స్టిక్కర్ అంటిస్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఉండనీ, రోజూ చూసుకో" అంది. ఇప్పటికీ అలాగే ఉంది.

మందు ఇదిగో, ఈ నారింజ రంగు తీగ. సేఫ్టీ ఫ్లాగ్. కొందరు లివర్ దగ్గర కొంచెం గుచ్చి వదిలేస్తారు, అలా కాదు. ఎయిర్ గన్‌లో ఇది బ్యారెల్ ఈ చివర నుంచి ఆ చివరకు రావాలి, మ్యాచ్ రూల్ కూడా అదే. దూరుస్తున్నా... చూడండి, వెళ్లట్లేదు. లోపల పెల్లెట్ ఉంది కదా. ఇంకా తోయకండి. రేంజ్ ఆఫీసర్‌కు చెప్పి, టార్గెట్‌లోకి కాల్చేయండి. కాలుస్తున్నా... అయిపోయింది. ఇప్పుడు మళ్లీ దూరుస్తున్నా. అదిగో, మూతిలోంచి తొంగిచూసింది! ఇప్పుడు ఖాళీ. అన్నట్టు, మూతి వైపు నుంచి దూర్చకండి, చెయ్యి మూతి ముందుకు వస్తుంది. కొన్న ఫ్లాగ్ పోతే నేను గడ్డి కోసే మిషన్ నైలాన్ తాడు ముక్క కోసుకుంటా, లావు 3 మిల్లీమీటర్ల లోపుంటే చక్కగా దూరుతుంది. ఇంట్లో డ్రై ఫైర్‌కైతే ముందు ఫ్లాగ్ దూర్చి చూసి, సిలిండర్ విప్పి పక్క గదిలో పెట్టి, అప్పుడే. సిలిండర్ లేకపోతే పనిచేయని మోడల్ అయితే, ఇంట్లో ప్రాక్టీసే వద్దు.

పిస్టల్ మొరాయించినా అంతే, లైన్‌లో నిలబడి గుచ్చి చూడకండి. టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. ఒక పక్క టైమ్ పోతోంది, అయినా బయటికెళ్లి బాగుచేయించుకునే వచ్చింది. ఆ రోజు ఫైనల్‌కు చేరలేదు. 2024లో పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చుకుంది. మనకు ఆదివారం ప్రాక్టీస్‌లో ఏం తొందర?

ఇక ప్రాక్టీస్ అలవాట్లు, గబగబా చెప్పేస్తా. షాట్ పడగానే, అది ఎక్కడ పడిందో చూపించే మానిటర్ వైపు చూడటం. వద్దు, ఒక్క క్షణం అలాగే ఉండండి, ఫ్రంట్ సైట్ ఎక్కడుందో చూసుకోండి. ఒక్క షాట్‌కు ఎనిమిది పాయింట్లే పడగానే సైట్ స్క్రూ తిప్పేయడం. కనీసం ఐదు షాట్లు ఒకే చోట పడితే అప్పుడు తిప్పండి. ఇంకోటి, ఎత్తిన చెయ్యి దించకపోవడం. పది సెకన్లయింది, చెయ్యి వణుకుతోంది, అయినా ఎలాగోలా కాల్చేయాలని ట్రిగ్గర్ లాగేస్తారు. దించండి. వేలు బయటికి తీసి, దించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తండి. మ్యాచ్‌లో 60 షాట్లకు 75 నిమిషాలిస్తారు, బోలెడు టైమ్. రోజుకు 200 కాల్చానని చెప్పుకునేవాళ్లున్నారు. నేను 40 కాలుస్తా, మిగతా టైమంతా తెల్ల గోడ ముందు డ్రై ఫైర్. పెల్లెట్ డబ్బా ఖర్చూ తగ్గుతుంది.

చివరగా ఇది చూడండి, ఇది మా బెంచీ మీదే ఉంది. పెల్లెట్ డబ్బా, దాని పక్కనే మిక్చర్ పొట్లం. పెల్లెట్ అంటే సీసం అండి. అదే వేళ్లతో పెల్లెట్, అవే వేళ్లతో మిక్చర్. ఎవరిదో అడగొద్దు. చిన్నా, నవ్వకు, నీదే అది. కెమెరా ఆపెయ్, ఇద్దరం సబ్బుతో చేతులు కడుక్కొద్దాం, తర్వాత తిందాం.