జాన్ మెకెంజీ పంచిన భూమి ఎవరిది?

మిత్రులారా, 19వ శతాబ్దం చివర్లో న్యూజిలాండ్ భూముల మంత్రిగా ఉన్న జాన్ మెకెంజీని సన్నకారు రైతుల పాలిటి దేవుడనాలా, ఆ దేశపు మూలవాసులైన మావోరీల భూమిని కాజేసినవాడనాలా అన్న వాదన మీకు తెలిసిందే. నా మాట సూటిగా చెబుతున్నాను: స్కాట్లాండ్‌లో తన వాళ్లకు జరిగిన అన్యాయాన్నే ఆ మనిషి అధికారంలోకి వచ్చాక మరొక జాతికి చేశాడు.

1845లో స్కాట్లాండ్‌లోని గ్లెన్‌కాల్వీ లోయలో గొర్రెల పెంపకం కోసం కౌలుదార్లను వెళ్లగొడితే, ఆ కుటుంబాలు క్రోయిక్ చర్చి ఆవరణలో, సమాధుల మధ్య, దుప్పట్లతో గుడారాలు వేసుకుని తలదాచుకున్నాయి. చర్చి కిటికీ అద్దాల మీద వాళ్లు గీసిన అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. "గ్లెన్‌కాల్వీ ప్రజలు, దుష్ట తరం" అని, తమకు పట్టిన గతికి తమ పాపమే కారణమన్నట్టు రాసుకున్నారు. పసివాడైన మెకెంజీ ఆ దృశ్యాన్ని చూశాడని, జీవితాంతం మరువలేదని చెబుతారు. ఆ జ్ఞాపకమే ఆయన కళ్లకు గంతలు కట్టిందని నేను నమ్ముతున్నాను. భూమి లాక్కునేవాడంటే గొర్రెల మందలున్న భూస్వామే అనుకున్నాడు గాని, ప్రభుత్వం కూడా ఆ పని చేయగలదని ఆయనకు తోచలేదు.

1891లో మంత్రి అయ్యాక పెద్ద ఎస్టేట్ల మీద పడ్డాడు. 84,000 ఎకరాల చెవియట్ ఎస్టేట్‌ను 1893లో ప్రభుత్వం చేత కొనిపించి చిన్న కమతాలుగా విడగొట్టించాడు, 999 ఏళ్ల కౌలు పద్ధతి తెచ్చాడు, యజమాని అమ్మనన్నా భూమి తీసుకునే అధికారాన్ని 1894లో చట్టం చేయించాడు. గొప్ప పనులే, కాదనను. అయితే చెవియట్ యజమాని వారసులకు ఎకరానికి సుమారు 3 పౌండ్లు ముట్టాయి. ప్రభుత్వానికి భూమి అమ్మిన మావోరీలకు దక్కింది ఎకరానికి కొన్ని షిల్లింగులు. అప్పట్లో 20 షిల్లింగులైతే గాని ఒక పౌండు అయ్యేది కాదు!

1891 నుంచి 1911 వరకు మెకెంజీ పార్టీ అయిన లిబరల్ పార్టీ ప్రభుత్వం మావోరీల నుంచి కొన్నది 30 లక్షల ఎకరాలకు పైనే. భూస్వాముల నుంచి తీసుకున్నది అందులో సగం కూడా లేదు. మావోరీలు ఇష్టపడే అమ్మారు కదా అంటారు ఆయన అభిమానులు. ప్రైవేటు వ్యక్తులకు అమ్మే దారిని 1894లోనే మూసేసి, ఉమ్మడి భూమిలో ఒక్కొక్కరి వాటాను విడివిడిగా రాయించుకుంటూ పోతే, ధర నిర్ణయించేది అమ్మేవాడా, కొనేవాడా?